అండమాన్ పర్యావరణ బృందం: రుతుపవనాలను బట్టి నడిచే ఏడాది పని

దక్షిణ అండమాన్ దీవి పశ్చిమ తీరంలో వండూర్ అనే గ్రామం ఉంది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి రోడ్డు మార్గంలో దాదాపు గంట ప్రయాణం. పర్యాటకులు అక్కడికి మహాత్మా గాంధీ సాగర జాతీయ ఉద్యానవనాన్ని చూసేందుకు వెళతారు. ఆ ఉద్యానవనానికి సమీపంలోనే, ఉత్తర వండూర్‌లో, అండమాన్ నికోబార్ ఎన్విరాన్‌మెంట్ టీమ్ (ఏఎన్ఈటీ) అనే సంస్థ క్షేత్ర కేంద్రం ఉంది.

జీవశాస్త్రవేత్తలు, పరిశోధక విద్యార్థులు, పడవ నడిపేవారు, అడవి దారులు తెలిసిన స్థానికులు కలిసి పనిచేసే బృందమిది. 1990లో ఏర్పడిన నాటి నుంచి దీవులలోని తాబేళ్లు, మొసళ్లు, పాములు, పగడపు దిబ్బలు, అడవుల గురించి సమాచారం సేకరిస్తోంది. ఇక్కడి పనికి జనవరితో మొదలై డిసెంబరుతో ముగిసే క్యాలెండర్ సరిపోదు. ఏ నెలలో ఏ తీరానికి వెళ్లాలో, ఎప్పుడు సముద్రంలోకి దిగాలో, ఎప్పుడు గదిలో కూర్చుని లెక్కలు చూసుకోవాలో రుతుపవనాలే నిర్ణయిస్తాయి.

ఏటా అదే తీరంలో అదే లెక్కను మళ్లీ వేయడం చూసేవారికి విసుగు పుట్టించే పనిగా అనిపించవచ్చు. అయితే ఈ దీవుల భవిష్యత్తును మార్చే నిర్ణయాలు తీసుకునే సమయంలో చేతిలో ఉండే ఆధారం ఆ లెక్కలే.

పని జరిగే చోటు

అండమాన్ నికోబార్ దీవుల సముదాయంలో చిన్నా పెద్దా కలిపి 836 దీవులు, రాతి దిబ్బలు ఉన్నాయి. మొత్తం విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. జనం నివసించేవి సుమారు 30 మాత్రమే. భూభాగంలో ఎనభై శాతానికి పైగా అడవే. ఉత్తరాన ఉన్న అండమాన్ దీవులను, దక్షిణాన ఉన్న నికోబార్ దీవులను టెన్ డిగ్రీ చానల్ అనే జలసంధి వేరు చేస్తుంది.

ప్రధాన భూభాగానికి దూరంగా ఉండటం వల్ల ఇక్కడ తప్ప మరెక్కడా కనిపించని జీవజాతులు అనేకం రూపుదిద్దుకున్నాయి. నార్కొండం హార్న్‌బిల్ అనే పక్షి ఇందుకు ఉదాహరణ. దాదాపు ఏడు చదరపు కిలోమీటర్ల నార్కొండం దీవి తప్ప దానికి ప్రపంచంలో మరో ఆవాసం లేదు. ఇలాంటి జీవికి ఆ ఒక్క చోట ముప్పు వాటిల్లితే ఆ జాతే అంతరించిపోతుంది. దీవులలో పర్యావరణ పరిశీలనకు ప్రాధాన్యం ఏర్పడింది ఇందువల్లనే.

తొలి అడుగులు

ఈ బృందానికి పునాది 1970ల చివరలో పడింది. సముద్రపు తాబేళ్ల పరిశోధకుడు సతీశ్ భాస్కర్ ఆ రోజుల్లో అండమాన్ నికోబార్ తీరాలను కాలినడకన సర్వే చేశారు. మనుషులు అరుదుగా అడుగుపెట్టే తీరాలలో ఒంటరిగా బస చేసి, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లను నమోదు చేశారు. దేశంలో సముద్రపు తాబేళ్ల గురించిన తొలి క్రమబద్ధమైన సమాచారంలో పెద్ద భాగం ఆయన నోటు పుస్తకాలలోనిదే. 2010లో అంతర్జాతీయ సముద్ర తాబేళ్ల సంఘం ఆయన కృషిని గుర్తించి పురస్కారం అందజేసింది. 2023లో ఆయన మరణించారు.

సరీసృపాల నిపుణుడు రోములస్ విటేకర్ 1976లో చెన్నై సమీపంలో స్థాపించిన మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ ట్రస్టు ఆ కృషికి అండగా నిలిచింది. దీవులలో శాశ్వత క్షేత్ర కేంద్రం ఉంటే తప్ప పని సాగదని గ్రహించి, ఆ ట్రస్టే 1990లో ఏఎన్ఈటీని ఏర్పాటు చేసింది. ఉప్పునీటి మొసళ్లు, పాములు, తాబేళ్ల సర్వేలతో మొదలైన పని క్రమంగా పగడపు దిబ్బలు, చేపల వేట, పర్యావరణ విద్య వరకు విస్తరించింది. బెంగళూరుకు చెందిన దక్షిణ్ ఫౌండేషన్, భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ) పరిశోధకులు తరువాతి కాలంలో ఇందులో భాగస్వాములయ్యారు. అటవీ శాఖ అనుమతి, సహకారం లేకుండా ఇక్కడ ఏ సర్వే కూడా సాధ్యం కాదు.

శీతాకాలం: తీరం మీద రాత్రులు

ఈశాన్య రుతుపవనాలు తగ్గుముఖం పట్టి సముద్రం నెమ్మదించే రోజులలో పని సంవత్సరం మొదలవుతుందని చెప్పవచ్చు. లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే కాలమది. నవంబరు నుంచి మార్చి వరకు వాటి రాక కొనసాగుతుంది.

ఆంధ్ర, ఒడిశా తీరవాసులకు బాగా తెలిసినది ఆలివ్ రిడ్లే తాబేలు. దాని బరువు సుమారు 40 నుంచి 50 కిలోలు. లెదర్‌బ్యాక్ అంతకు దాదాపు పది రెట్లు బరువుంటుంది. ప్రపంచంలోని తాబేళ్లన్నిటిలో ఇదే పెద్దది. ఇతర తాబేళ్లకు ఉండే గట్టి పెంకుకు బదులు దీని వీపు మీద తోలు వంటి చర్మం ఉంటుంది. జెల్లీ చేపలను తిని బతికే ఈ జీవి వెయ్యి మీటర్లకు మించిన లోతుకు మునగగలదు. భారతదేశంలో ఇది చెప్పుకోదగ్గ సంఖ్యలో గుడ్లు పెట్టేది ప్రస్తుతం అండమాన్ నికోబార్ తీరాలలోనే.

లిటిల్ అండమాన్ దీవిలోని సౌత్ బే తీరంలో 2008 నుంచి ఈ తాబేళ్లను ఏటా లెక్కిస్తున్నారు. తరువాత వెస్ట్ బే తీరాన్ని కూడా చేర్చారు. ఓడలో హట్ బే రేవుకు చేరి, అక్కడి నుంచి నెలలకు సరిపడా బియ్యం, పప్పులు, మందులు, పరికరాలు మోసుకుని శిబిరానికి వెళ్లాలి. ఈ దీవిలో ఓంగే ఆదివాసులకు కేటాయించిన రక్షిత ప్రాంతం ఉన్నందున అక్కడికి వెళ్లడానికి ప్రత్యేక అనుమతులు కావాలి.

శిబిరంలో పగలు విశ్రాంతి, రాత్రి పని. చీకటి పడ్డాక బృందం తీరం వెంట నడుస్తుంది. తెల్లని వెలుతురు తాబేలును బెదరగొడుతుంది కనుక టార్చిలైట్ల వాడకం తక్కువ. ఇసుకలో ట్రాక్టరు చక్రాల జాడలా కనిపించే అచ్చును బట్టి తాబేలు ఎటు వెళ్లిందో గుర్తిస్తారు. అది గుడ్లు పెట్టడం మొదలయ్యాక వీపు పొడవు, వెడల్పు కొలుస్తారు. భుజం కండరంలో బియ్యపు గింజంత మైక్రోచిప్ అమరుస్తారు. అంతకుముందే చిప్ ఉన్నట్లయితే దాని సంఖ్య చదివి, ఆ తాబేలు ఎప్పుడు వచ్చి వెళ్లినదో తెలుసుకుంటారు.

ఒక తాబేలు ఒకే కాలంలో సుమారు పది రోజుల వ్యవధితో అనేకసార్లు ఒడ్డుకు వస్తుంది. ఆ తరువాత రెండు మూడేళ్ల వరకు రాకపోవచ్చు. అందువల్ల ఒక ఏడాది గూళ్ల సంఖ్య తగ్గినంత మాత్రాన తాబేళ్లు తగ్గిపోయాయని నిర్ధారించలేము. పదేళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప అసలు సంగతి బయటపడదు.

గూళ్లకు శత్రువులు కూడా తక్కువేమీ కాదు. కుక్కలు, పందులు, ఉడుములు గుడ్లను తవ్వి తింటాయి. ఇసుక వేడిని బట్టి పిల్లలు ఆడవో మగవో తేలుతుంది. వేడి పెరిగితే ఆడ పిల్లలు ఎక్కువగా పుడతాయి. గూళ్ల ఉష్ణోగ్రతను నమోదు చేయడం ఈ కారణంగానే శిబిరం పనులలో ఒకటైంది.

అదే కాలంలో: గుహలు, చిన్న దీవులు

దీవులలో పనిచేసే పర్యావరణ నిపుణులు ఒకే సంస్థకు చెందినవారు కారు. తాబేళ్ల శిబిరం నడిచే నెలల్లోనే, ఉత్తర అండమాన్‌లోని సున్నపురాయి గుహలలో స్విఫ్ట్‌లెట్ అనే చిన్న పక్షులు గూళ్లు కడతాయి. తమ లాలాజలంతోనే కట్టే ఆ గూళ్లకు తూర్పు, ఆగ్నేయాసియా దేశాలలో పులుసు వంటకంగా భారీ గిరాకీ ఉంది. పిల్లలు ఎగిరిపోకముందే గూళ్లను దొంగిలించడం వల్ల పక్షుల సంఖ్య దారుణంగా పడిపోయింది.

కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రానికి చెందిన రవి శంకరన్ అటవీ శాఖతో కలిసి ఇందుకు ఒక మార్గం చూపారు. ఒకప్పుడు గూళ్లు కోసినవారినే గుహలకు కాపలాదారులుగా నియమించారు. ఏ గుహలో ఏ గూడు ఎప్పుడు కట్టిందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. కాపలా ఉన్న గుహలలో పక్షులు మళ్లీ పెరిగాయి. రవి శంకరన్ 2009లో మరణించారు.

వేసవి: పగడాల పరీక్ష

మార్చి తరువాత సముద్రం అద్దంలా నిశ్చలమవుతుంది. నీటి అడుగు స్పష్టంగా కనిపించే ఈ రోజులు పగడపు దిబ్బల సర్వేకు అనువైనవి. పరిశోధకులు నీటి అడుగున కొలత తాడు పరచి, దాని వెంట ఈదుతూ, ఎంత భాగం సజీవ పగడం, ఎంత భాగం మృత పగడం, ఎన్ని రకాల చేపలు అనే వివరాలు జలనిరోధక పలకల మీద రాసుకుంటారు.

పగడాలకు ప్రమాదకరమైన కాలం కూడా ఇదే. సముద్రపు నీరు కొన్ని వారాల పాటు మామూలు కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే, పగడం తనలో నివసిస్తూ ఆహారాన్నీ రంగునూ ఇచ్చే సూక్ష్మ శైవలాలను వెలివేస్తుంది. పగడం తెల్లబడుతుంది. నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే చనిపోతుంది. 2010 వేసవిలో అండమాన్ సముద్రంలో ఇది తీవ్రంగా సంభవించింది. 1998, 2016 సంవత్సరాలలో కూడా పగడాలు తెల్లబడ్డాయి.

వండూర్ ఉద్యానవనాన్ని 1983లో ఏర్పాటు చేశారు. విస్తీర్ణం సుమారు 281 చదరపు కిలోమీటర్లు. అందులోని జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులలో ఒక్కొక్క దానిని ఏడాదిలో కొంతకాలం మాత్రమే సందర్శకులకు తెరుస్తారు. మనుషుల తాకిడి నుంచి దిబ్బలకు విశ్రాంతి లభించాలన్నది దీని ఉద్దేశం.

తూర్పు తీరంతో పాటు ఈ దీవుల చుట్టూ కూడా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు యాంత్రిక పడవల చేపల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని దృష్టిలో పెట్టుకుని విధించిన విరామమిది.

వానాకాలం: అడవి, బడి, లెక్కలు

దేశంలో నైరుతి రుతుపవనాలు మొదట తాకేది అండమాన్ నికోబార్ దీవులనే. సాధారణంగా మే మూడో వారానికల్లా వానలు మొదలవుతాయి. దక్షిణ అండమాన్‌లో ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. సముద్రం అల్లకల్లోలమై చిన్న పడవలు ఒడ్డున ఆగిపోతాయి. ఓడల రాకపోకలు కూడా తరచు వాయిదా పడతాయి.

అడవిలో మాత్రం అప్పుడే సందడి. కప్పలు సంతానోత్పత్తికి సిద్ధమవుతాయి. చార్లెస్ డార్విన్ పేరు పెట్టిన ఒక అండమాన్ కప్ప నీరు నిలిచిన చెట్టు తొర్రలలో తలకిందులుగా వేలాడుతూ గుడ్లు పెడుతుందని పరిశోధకులు కనుగొన్నారు. తొర్రలున్న పెద్ద చెట్లు తగ్గినచోట, పారేసిన ప్లాస్టిక్ డబ్బాలలో నిలిచిన వాన నీటిని కూడా అవి ఆశ్రయిస్తున్నట్లు గమనించారు. ఒక చిన్న కప్ప ఎక్కడ గుడ్లు పెడుతోందో చూస్తే అడవి పరిస్థితి అర్థమవుతుంది.

బ్రిటిష్ వారి కాలంలో తెచ్చి వదిలిన చుక్కల జింకలు మరొక సమస్య. వాటిని వేటాడే పెద్ద జంతువులు ఇక్కడ లేకపోవడంతో విపరీతంగా పెరిగి, మొలకలను మేసి, అడవి తిరిగి మొలకెత్తకుండా అడ్డుపడుతున్నాయి. వాటి ప్రభావాన్ని కొలవడం కూడా దీవుల పరిశోధనలో భాగం.

మిగిలిన సమయం సమాచారాన్ని సరిచూడటానికి, అటవీ శాఖకు నివేదికలు పంపడానికి, పాఠశాలల్లో కార్యక్రమాలకు కేటాయిస్తారు. దీవుల పిల్లలు చదివే పాఠ్యపుస్తకాలలో ఎడారి, హిమాలయం గురించి ఉన్నంతగా మడ అడవి, పగడం గురించి ఉండదు. ఆ వెలితిని పూరించే ప్రయత్నం 1990ల నుంచి సాగుతోంది.

ఎవరి చేతుల మీదుగా

ఈ పనికి వెన్నెముక స్థానికులు. 1925లో బ్రిటిష్ ప్రభుత్వం అటవీ పనుల కోసం బర్మా నుంచి తీసుకువచ్చిన కరెన్ కుటుంబాల వారసులు మధ్య అండమాన్‌లోని మాయాబందర్ ప్రాంతంలో, వెబి వంటి గ్రామాలలో నివసిస్తున్నారు. అడవిలో నడక, సముద్రంలో ఈత, పడవ మరమ్మతు, శిబిరం కట్టడం వారికి పుట్టుకతో వచ్చిన విద్యలు. పరిశోధకులు రెండు మూడేళ్లకు చదువు ముగించి వెళ్లిపోతారు. ఏటా అదే తీరానికి వచ్చి, పాత గూళ్ల చోట్లను గుర్తుంచుకునేది ఈ సిబ్బందే.

తెలుగువారి పాత్ర కూడా చిన్నది కాదు. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభా సుమారు 3 లక్షల 80 వేలు. అందులో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి దశాబ్దాల క్రితం వలస వచ్చిన మత్స్యకార కుటుంబాలు జంగ్లీఘాట్ వంటి రేవులలో స్థిరపడ్డాయి. ఏ చేప ఎక్కడ తగ్గింది, ఏ వలలో తాబేలు చిక్కింది, ఏ దిబ్బ దగ్గర నీటి రంగు మారింది అనే విషయాలు ముందుగా తెలిసేది వేటకు వెళ్లేవారికే. వారితో మాట్లాడకుండా, వారి జీవనోపాధిని లెక్కలోకి తీసుకోకుండా సముద్ర సంరక్షణ గురించి ఆలోచించడం సాధ్యం కాదని ఇక్కడి అనుభవం చెబుతోంది.

ఒక ఏడాది లెక్కకు విలువ ఎప్పుడు?

2004 డిసెంబరు 26న వచ్చిన భూకంపం, సునామీ ఈ ప్రశ్నకు సమాధానమిచ్చాయి. గ్రేట్ నికోబార్ దక్షిణ కొన నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది. ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి పగడపు దిబ్బలు నీటి వెలుపల ఎండిపోయాయి. దేశంలోనే లెదర్‌బ్యాక్ తాబేళ్లు అత్యధికంగా వచ్చే గలాతియా తీరం కొట్టుకుపోయింది. అక్కడ శిబిరంలో ఉన్న పరిశోధకులలో కొందరు ప్రాణాలు కోల్పోయారు.

తీరమే లేనప్పుడు తాబేళ్లు ఏమవుతాయన్న ప్రశ్నకు వెంటనే ఎవరూ సమాధానం చెప్పలేకపోయారు. కొన్నేళ్ల తరువాత చేసిన సర్వేలలో ఇసుక తిరిగి పేరుకుని కొత్త తీరాలు ఏర్పడినట్లు, తాబేళ్లు వాటికి తిరిగి వస్తున్నట్లు తేలింది. సునామీకి ముందటి లెక్కలు లేకపోతే ఈ కోలుకోవడాన్ని కొలిచే వీలు ఉండేది కాదు.

2011 నుంచి 2014 వరకు లిటిల్ అండమాన్‌లో పది తాబేళ్లకు ఉపగ్రహ పరికరాలు అమర్చి వాటి ప్రయాణాన్ని గమనించారు. కొన్ని ఆగ్నేయ దిశగా ఇండోనేషియా దీవులు దాటి పశ్చిమ ఆస్ట్రేలియా వైపు వెళ్లాయి. మరికొన్ని నైరుతి దిశగా మడగాస్కర్, మొజాంబిక్ వైపు సాగాయి. ఒక తాబేలు సుమారు తొమ్మిది నెలల్లో దాదాపు 13,000 కిలోమీటర్లు ప్రయాణించింది. అంటే హిందూ మహాసముద్రపు రెండు అంచులలో తిరిగే జీవి తన సంతానాన్ని అప్పగించేది ఈ దీవుల ఇసుకకే.

ఇలాంటి దీర్ఘకాలిక పరిశీలనల అవసరాన్ని కేంద్ర ప్రభుత్వం కూడా గుర్తించింది. 2015లో ప్రకటించిన దీర్ఘకాలిక జీవావరణ పరిశీలన కార్యక్రమంలో పశ్చిమ కనుమలు, సుందరబన్ వంటి ప్రాంతాలతో పాటు అండమాన్ నికోబార్ దీవులకు చోటు లభించింది.

నిర్ణయాల వేళ

సమాచారం నిర్ణయాన్ని ప్రభావితం చేసిన సందర్భాలు దీవుల చరిత్రలో ఉన్నాయి. లిటిల్ అండమాన్ అడవుల నరికివేతపై సొసైటీ ఫర్ అండమాన్ అండ్ నికోబార్ ఎకాలజీ, కల్పవృక్ష్, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ సుప్రీంకోర్టును ఆశ్రయించాయి. కోర్టు నియమించిన శేఖర్ సింగ్ కమిషన్ క్షేత్ర పరిశీలన జరిపి నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 2002 మేలో కోర్టు సహజ అడవుల్లో వాణిజ్య కలప నరికివేతను నిలిపివేయాలని, తీరపు ఇసుక తవ్వకాన్ని దశలవారీగా తగ్గించాలని ఆదేశించింది. నార్కొండం దీవిలో రాడార్ కేంద్రం ఏర్పాటు ప్రతిపాదనను 2012లో కేంద్ర పర్యావరణ శాఖ తిరస్కరించింది. హార్న్‌బిల్ మనుగడే అందుకు కారణం.

ప్రస్తుతం అందరి దృష్టి గ్రేట్ నికోబార్ మీద ఉంది. గలాతియా బేలో అంతర్జాతీయ కంటైనర్ ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, పట్టణం నిర్మించే ప్రాజెక్టుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. తొలి అంచనా వ్యయం సుమారు 72,000 కోట్ల రూపాయలు. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అటవీ భూమి ఇందుకు మళ్లించాల్సి ఉంటుంది. గలాతియా బే వన్యప్రాణి అభయారణ్యం హోదాను 2021 జనవరిలోనే తొలగించారు.

మలక్కా జలసంధికి చేరువలో ఉన్న ఈ దీవి వాణిజ్యానికి, దేశ రక్షణకు కీలకమని, తాబేళ్ల రక్షణకు తగిన చర్యలు తీసుకుంటామని ప్రభుత్వం చెబుతోంది. తాబేళ్ల రాకపోకలకు, షోంపెన్, నికోబారీ ప్రజల జీవనానికి తీరని నష్టం జరుగుతుందని పర్యావరణవేత్తలు, మానవ శాస్త్రవేత్తలు ఆందోళన వ్యక్తం చేస్తున్నారు. లిటిల్ అండమాన్‌లో భారీ నిర్మాణాల ప్రతిపాదన కూడా 2021లో వెలుగులోకి వచ్చింది.

ఈ వాదనలలో ఏది నిజమవుతుందో కాలమే తేల్చాలన్నా, తేల్చడానికి కావలసింది మళ్లీ లెక్కలే. నిర్మాణానికి ముందు ఏ తీరానికి ఎన్ని తాబేళ్లు వచ్చాయో తెలిసి ఉంటేనే, తరువాత ఎన్ని వస్తున్నాయో పోల్చి చూడగలం. హామీ నిలబడిందో లేదో చెప్పగల సాక్ష్యం మరొకటి లేదు.

వానలు వెనుదిరిగి సముద్రం నెమ్మదించగానే హట్ బే వెళ్లే ఓడలోకి బియ్యం బస్తాలు, కొలత టేపులు, మైక్రోచిప్‌ల పెట్టెలు మళ్లీ ఎక్కుతాయి. గతంలో చిప్ అమర్చిన తాబేళ్లలో ఏవి తిరిగి వచ్చాయన్నదే కొత్త కాలంలో తొలి ప్రశ్న.